ఆషాఢంలో ఆర్కిడ్ల వెంట: బెజవాడ నుంచి కొండవీడు దాకా

జూలై 4, శుక్రవారం: విజయవాడ పూల మార్కెట్

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. పెళ్ళిళ్ళు లేకపోతే మా బావకు పని ఉండదు. విజయవాడలో కల్యాణ మండపాలకు పూల అలంకరణ చేయించడం ఆయన వ్యాపారం. ముహూర్తాల రోజుల్లో ఫోను చేస్తే అక్కయ్యే ఎత్తి, ఆయన నిచ్చెన మీద ఉన్నాడని చెబుతుంది. అందుకే ఈ నెల చూసుకొని హైదరాబాదు నుంచి దిగాను. వచ్చిన పని చెబితే అక్కయ్య పకపకా నవ్వింది. "ఆర్కిడ్ల కోసం సిక్కిం వెళ్ళేవాళ్ళను చూశాను, అరుణాచల్ వెళ్ళేవాళ్ళను చూశాను. బెజవాడ వచ్చినదాన్ని నిన్నే చూస్తున్నాను."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ 2019లో వేసిన లెక్కలో మన దేశపు ఆర్కిడ్లు 1,256 జాతులు. వాటిలో అత్యధికం హిమాలయాలవి, ఈశాన్య రాష్ట్రాలవి, పడమటి కనుమలవి. ప్రపంచం మొత్తం మీద 28,000 జాతుల దాకా ఉన్నాయి. పూల మొక్కల్లో దీనితో పోటీపడే కుటుంబం పొద్దుతిరుగుడుది ఒక్కటే. పైగా వీటి విత్తనం దుమ్ముకంటే బరువుండదు, గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది. అలాంటి మొక్క కొలంబియాలో నాలుగు వేలకు పైగా జాతులుగా విరగబడి, కృష్ణా ఒడ్డున మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటట్టు ఎందుకు మిగిలింది? విరివిగా ఉన్నచోట పూల అందమే కళ్ళు కప్పేస్తుంది. అరకొరగా ఉన్నచోట వెతికితేనే దీని సంగతి తేలుతుందని నా నమ్మకం.

తెల్లవారుజామున వన్‌టౌన్ పూల మార్కెట్‌కు వెళ్ళాం. శుక్రవారం కావడంతో బంతి, చామంతి, కనకాంబరాల దగ్గర జనం విరగబడి ఉన్నారు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి ఆషాఢ సారె తీసుకువెళ్ళే ఆడవాళ్ళు బృందాలుగా వచ్చి బుట్టలకు బుట్టలు కొంటున్నారు. అలంకరణ పూల దుకాణాల వైపు మాత్రం ఈగలు తోలుకుంటున్నారు. ఆర్కిడ్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి, ఒక్కో రెమ్మ మొదలుకు నీళ్ళు నింపిన చిన్న గొట్టం తొడిగి. పది రెమ్మల కట్ట ముహూర్తాల్లో ఐదు వందలు పలుకుతుందట. మాకు 280 రూపాయలకు ఇచ్చాడు దుకాణదారు. అది కూడా బావ మూడడుగులు వెనక్కి వేశాక, "బోణీ బేరం, వెళ్ళిపోకండి" అని చెయ్యి పట్టుకొని.

"జర్బెరా రాత్రి ముహూర్తానికి పెడితే తెల్లవారేసరికి తల వేలాడేస్తుంది. ఇది వారం నిలబడుతుంది. కోసేశారన్న సంగతి దానికింకా తెలియదు" అన్నాడు బావ.

ఆ నిలకడ మండపాల కోసం వచ్చింది కాదు. అడవిలో ఆర్కిడ్ పువ్వుకు సరైన కీటకం ఎప్పుడొస్తుందో తెలియదు, కొన్నిటికి వారాల తరబడి ఎదురుచూపు తప్పదు. పుప్పొడి అందిన మరుక్షణం నుంచి వాడిపోవడం మొదలుపెడుతుంది. మార్కెట్లో దొరికే ఈ ఊదారంగు ఆర్కిడ్, పేరు డెండ్రోబియం, థాయ్‌లాండ్ తోటల్లో పెంచిన సంకర రకం. పూర్వీకుల్లో ముఖ్యమైనది ఆస్ట్రేలియా ఉత్తర కొసన క్వీన్స్‌లాండ్‌లోనూ, న్యూగినీలోనూ చెట్ల కొమ్మల మీద పెరిగే అడవి మొక్క. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర పుష్పం అదే. ఈ మాట చెబితే దుకాణదారు నమ్మలేదు. "ఇది ఫ్యాక్టరీ పువ్వండీ, అడవిలో ఎందుకుంటుంది?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

నేను ఒక పువ్వు తుంచి విప్పాను. బయట మూడు రక్షక పత్రాలు, లోపల మూడు రేకులు. ఆ మూడింటిలో ఒకటి పెదవిగా మారి కీటకం దిగడానికి మెట్టు అవుతుంది. మిగతా పువ్వుల్లో కేసరాలూ అండకోశమూ విడివిడిగా ఉంటాయి. ఇక్కడ రెండూ కలిసిపోయి ఒకే కాడ అవుతాయి. దాని కొసన మూత కింద పుప్పొడి పొడిగా కాదు, పసుపు ముద్దలుగా ఉంటుంది. అగ్గిపుల్లతో ఎత్తితే ముద్ద పుల్లకే అంటుకొని వచ్చింది. ఒక్క ఈగ వచ్చి వెళ్తే మొత్తం పుప్పొడి దాని వీపున వెళ్ళిపోతుంది. దక్కితే అంతా దక్కుతుంది, పోతే అంతా పోతుంది. బావకు ఈ జూదం కంటే నేను విరిచిన రెమ్మే ఎక్కువ బాధ పెట్టింది. "ఇరవై ఎనిమిది రూపాయలు" అని గుర్తుచేశాడు.

గాంధీనగర్‌లో టిఫిన్: నెయ్యి ఇడ్లీ, మీద కారప్పొడి. ఇక్కడి వడ్డన పద్ధతి నాకు ఇష్టం. చట్నీ కావాలా అని అడగరు. గిన్నె ఖాళీ అయితే పోస్తారు, వద్దని చెయ్యి అడ్డం పెట్టినా కొంచెం పోస్తారు.

జూలై 5, శనివారం: కొండపల్లి

బావ దగ్గర అలంకరణ సామాను మోసే వ్యాన్ ఉంది. ఇబ్రహీంపట్నం దాటాక దారి తనకు కొట్టిన పిండి అని ఎవరినీ అడగనివ్వలేదు. పావుగంట తరువాత థర్మల్ కేంద్రం గేటు ముందు ఆగాం. కాపలా ఉన్నాయన వ్యాన్ వెనక కట్టిన ప్లాస్టిక్ పూలతోరణాన్ని తేరిపార చూసి, "పెళ్ళి ఇక్కడ కాదండీ" అన్నాడు.

కొండపల్లిలో మొదట బొమ్మల వీధికి వెళ్ళాం. ఒక ఇంటి అరుగు మీద అరవై దాటిన పెద్దాయన అంబారీ ఏనుగుకు చెవులు అతికిస్తున్నాడు. ఈ బొమ్మల కర్ర తెల్ల పొణికి. కొండల మీద ఆ చెట్టు దొరకడం కష్టమవుతోందని అక్కడ ఎవరిని కదిపినా చెబుతారు. చెట్లు ఎరిగిన మనిషి కదా అని, కొమ్మల మీద పెరిగే పూల మొక్కలు ఎక్కడున్నాయని అడిగాను.

"బదనికలా? ఖిల్లా దారిలో పాత మామిడి చెట్టు మీద ఉన్నాయమ్మా. వాటితో మీకేం పని? చెట్టు రసం పీల్చేస్తాయి. మా తోటలో కనబడితే కొట్టేస్తాం." ఏనుగు బొమ్మ 350 రూపాయలన్నాడు. బావ అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టాడు. పెద్దాయన మాట్లాడకుండా తాను చెక్కుతున్న చెక్కనూ ఉలినీ ఆయన చేతికిచ్చి, "మీరు చెయ్యండి బాబూ, నేను రెండు వందలకు కొంటాను" అన్నాడు. అడిగిన ధరే ఇచ్చాం.

ఆ మామిడి చెట్టు దొరికింది. అదృష్టం ఏమిటంటే, పెద్దాయన ఒకే పేరుతో పిలిచిన రెండు రకాలూ దాని మీదే ఉన్నాయి. పై కొమ్మలో ఉన్నది అసలు బదనిక, నిజంగానే దొంగ. దాని వేరు కొమ్మ కలపలోకి దిగిపోయింది, అతుకు దగ్గర కొమ్మ ఉబ్బి ఉంది. కింది కొమ్మ మీద ఉన్నది వాండా టెస్సెల్లేటా, ఆంధ్ర మైదానాల్లో తోటల్లో కూడా కనిపించే ఆర్కిడ్. దాని వేళ్ళు బెరడును పట్టుకున్నాయే తప్ప లోపలికి పోలేదు. కొన్ని వేళ్ళు ఊరికే గాలిలో వేలాడుతున్నాయి. చెట్టు నుంచి అది తీసుకునేది నిలబడే చోటు మాత్రమే. నీళ్ళు వానవీ మంచువీ, తిండి బెరడు పగుళ్ళలో పేరుకున్న ఆకు కుళ్ళుది. పెద్దాయన తోటలో ఇన్నాళ్ళూ నిర్దోషులకు శిక్ష పడుతోంది.

పూల గుత్తి ఒకటి ఇంకా మిగిలి ఉంది. రేకుల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో నీలం కలిసిన ఊదా పెదవి, ముక్కు దగ్గరకు తెస్తే తీపి వాసన. గోదావరి అవతల సామర్లకోటలో తోట వేసి ఏళ్ళ తరబడి ఈ తీరపు మొక్కలను బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో అచ్చయిన తన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంలో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. అంటే శాస్త్రానికి ఈ మొక్క మన ప్రాంతం నుంచే తెలిసింది. ఇక్కడివాళ్ళం దాన్ని కొట్టేస్తున్నాం.

బావ సీసాలోని నీళ్ళు వేళ్ళ మీద చిలకరించాడు. బూడిద తెలుపు వేళ్ళు చూస్తుండగానే ఆకుపచ్చగా మారాయి. వేరు చుట్టూ చచ్చిన కణాలతో ఏర్పడిన స్పాంజి పొర ఉంటుంది. చినుకు పడిన వెంటనే పీల్చుకొని పట్టి ఉంచుతుంది. తడిసినప్పుడు ఆ పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఆకులు దళసరిగా, గాడి తీసి ఉన్నాయి. ఈ జాతి మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. బెజవాడ మే నెలను చెట్టు కొమ్మ మీద కూర్చొని తట్టుకోవాలంటే ఆ మాత్రం ఏర్పాటు ఉండాలి.

ఇంకో కాడన నిరుటి కాయ ఎండి పగిలి ఉంది. దాన్ని బావ ఫోను నల్లని అద్దం మీద తట్టాను. లేత పసుపు దుమ్ము రాలింది. ఒక్కొక్క రేణువూ ఒక విత్తనం. నేను ఊపిరి వదిలేసరికి సగం ఎగిరిపోయింది. డార్విన్ 1862లో ఇంగ్లండు ఆర్కిడ్ ఒకదాని కాయలు లెక్కపెట్టి, ఒక్క మొక్కకు సుమారు 1,86,000 విత్తనాలు వస్తాయని తేల్చాడు. అన్నీ మొలిస్తే ఆ మొక్క మునిమనవళ్ళతోనే భూమి మీది నేలంతా పచ్చగా కప్పబడిపోతుందని ఆయన లెక్క. మరి ఎందుకు కప్పబడలేదన్నది ఆయనకు అంతుచిక్కలేదు.

చిక్కుముడి 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి యువకుడు విప్పాడు. వరి గింజలో మొలకకు కావలసిన పిండి ఉంటుంది, శనగ గింజలో ఉంటుంది. ఆర్కిడ్ విత్తనం సద్దిమూట లేకుండా ఊరు విడిచిన మనిషి. అంత తేలికగా ఉండడానికి అది చెల్లించిన ధర అదే. పడినచోట ఒక రకం శిలీంధ్రం ఉండి, దాని పోగులు విత్తనంలోకి చొచ్చుకొస్తే, ఆ పోగులనే జీర్ణం చేసుకొని మొలక ప్రాణం నిలుపుకుంటుంది. శిలీంధ్రం లేకపోతే ఎక్కడ పడినా దుమ్మే. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఆ శిలీంధ్రం పని చక్కెర చేత చేయించాడు. గాజు సీసాలో చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు జిగురు) మీద విత్తనాలు మొలిచాయి. నిన్న దుకాణదారు ఫ్యాక్టరీ పువ్వన్నాడే, అందులో కొంత నిజముంది. ఆర్కిడ్ ఇంత చవకగా వన్‌టౌన్‌కు చేరిందంటే దారి ఆ సీసాతో మొదలైంది.

గాలి తన పని చేస్తూనే ఉంటుంది. 1883లో అగ్నిపర్వతం పేలి ఇండోనేషియాలోని క్రకటోవా దీవి మీద జీవమన్నది మాడి మసైతే, పదిహేనేళ్ళు తిరగకముందే అక్కడ ఆర్కిడ్లు కనిపించాయి. సముద్రం అడ్డు కాదు. దిగిన చోట ఆదరించే శిలీంధ్రం, పుప్పొడి మోసే కీటకం, అన్నీ సరిగ్గా కుదరాలి. ఒకటి తక్కువైనా అక్కడితో సరి.

మధ్యాహ్నం ఇబ్రహీంపట్నంలో భోజనం 120 రూపాయలు. ఉలవచారులో వెన్న వేసి ఇచ్చారు. దాని ముందు మిగతా కూరలు ఎందుకు వండారో నాకు అర్థం కాలేదు.

జూలై 6, ఆదివారం: గుంటూరు

గుంటూరులో మావయ్య ఇల్లు బ్రాడీపేట నాలుగో లైనులో. ఆటో అతను దింపింది అరండల్‌పేట నాలుగో లైనులో. రైలు పట్టాలకు ఇటూ అటూ ఉన్న ఈ రెండు పేటలకూ లైన్లకు అంకెలే పేర్లు. గుంటూరువాళ్ళు పేట పేరు వదిలేసి అంకె మాత్రమే చెప్పుకుంటారు. ఎదురింటి ఆవిడ "మీ మావయ్య గారు లెక్చరరా, రైల్వేనా?" అని అడిగి, వృత్తిని బట్టి ఇల్లు ఏ పక్కనుంటుందో చెప్పేసింది. ఎలా చెప్పగలిగిందో తెలియదు గానీ సరిగ్గానే చెప్పింది.

ఆ రోజు తొలి ఏకాదశి. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మావయ్య ఉపవాసం. అత్తయ్య మాకు పేలపిండి పెట్టింది, జొన్నపేలాలు విసిరి బెల్లమూ యాలకులూ కలిపినది. ఆయనకు మజ్జిగ మాత్రమే. ఆకలి మీద ఉన్న మనిషితో వాదనకు దిగకూడదని అత్తయ్య సైగ చేసింది. ఆర్కిడ్లు ఎక్కడ పుట్టాయని అప్పటికే అడిగేశాను.

మావయ్య పాత అట్లాసు తెచ్చి నేల మీద పరిచాడు. "ముందు ఒకటి తెలుసుకో అమ్మాయ్. వీటికి శిలాజాలు దొరకవు. మిగతా మొక్కల పుప్పొడి గాలికి ఎగిరి చెరువు బురదలో పడి రాయవుతుంది. వీటిది ముద్దగా ఈగకు అంటుకొనిపోతుంది. మొక్క చూస్తే మెత్తనిది, ఉండేది కొమ్మ మీద. రాయి కావడానికి అవకాశమెక్కడ?"

అందుకే 2007 వరకూ ఆర్కిడ్ల వయసు మీద ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఆ ఏడాది హార్వర్డ్ పరిశోధకులు డొమినికన్ రిపబ్లిక్‌లో దొరికిన యాంబర్ ముక్కను, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురును ప్రకటించారు. అందులో చిక్కుకొని చచ్చిన కుట్టని తేనెటీగ ఉంది. దాని వీపు మీద ఆర్కిడ్ పుప్పొడి ముద్ద. వయసు కోటిన్నర నుంచి రెండు కోట్ల ఏళ్ళు. ఆ మొక్కకు మెలియార్కిస్ కరీబియా అని పేరు పెట్టారు. పుప్పొడి ముద్దగా ఉండడం వల్ల పోయిన సాక్ష్యం, ఆ ముద్ద ఈగకు అంటుకోవడం వల్లే మళ్ళీ దొరికింది. ఆ ముక్కను కొలబద్దగా పెట్టుకొని, ఇప్పటి మొక్కల వంశవృక్షంలో వెనక్కి లెక్కవేస్తే, ఆర్కిడ్లన్నిటి ఉమ్మడి పూర్వీకం 7.6 నుంచి 8.4 కోట్ల ఏళ్ళ కిందటిదని తేలింది. అంటే డైనోసార్ల కాలం. తరువాత న్యూజిలాండ్‌లో 2.3 కోట్ల ఏళ్ళ నాటి ఆర్కిడ్ ఆకులు, బాల్టిక్ యాంబర్‌లో అంతకంటే పాతదైన మరో పుప్పొడి ముద్ద బయటపడ్డాయి.

వయసు లెక్కల్లో తేడాలున్నా మా గొడవ దాని మీద కాదు. ఊరి దగ్గరే వచ్చింది. మావయ్యది ఆస్ట్రేలియా పక్షం. 2016లో అమెరికా వృక్షశాస్త్రవేత్త గివ్నిష్ బృందం రాసిన దాని ప్రకారం ఆర్కిడ్లు 11.2 కోట్ల ఏళ్ళ కిందట ఆస్ట్రేలియాలో పుట్టి, అంటార్కిటికా మీదుగా 9 కోట్ల ఏళ్ళ నాటికి దక్షిణ అమెరికా చేరాయి. అప్పటికి ఆ మూడు ఖండాలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. అంటార్కిటికా మీద అడవులుండేవి. నేడు ఆర్కిడ్ లేని ఖండం అదొక్కటే, ఒకప్పుడు రహదారి అయినది కూడా అదే అంటే ఆ వాదంలో ఒక రుచి ఉంది. మావయ్యను పట్టుకున్నది ఆ రుచేనని నా అనుమానం.

నాది 2024 పక్షం. లండన్‌లోని క్యూ ఉద్యానవనం శాస్త్రవేత్త పెరెజ్ ఎస్కోబార్ నాయకత్వంలో 1,921 రకాల మొక్కల డీఎన్‌ఏ ఆధారంగా గీసిన వంశవృక్షం, తొలి ఆర్కిడ్‌ను 8.3 కోట్ల ఏళ్ళ కిందటి ఉత్తరార్ధగోళానికి, అంటే ఆసియా, ఐరోపా, ఉత్తర అమెరికా కలిసి ఉన్న లారేసియాకు తీసుకువెళ్ళింది.

"మరి అపోస్టేసియా సంగతేమిటి?" అని మావయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆర్కిడ్లలో ఐదు ఉపకుటుంబాలున్నాయి. అన్నిటికంటే ముందు విడిపోయిన శాఖ అపోస్టేసియాలది. గడ్డిమొక్కలా కనిపించే చిన్న మొక్కలు, పువ్వులో పెదవి స్పష్టంగా ఉండదు, పుప్పొడి ముద్ద కట్టదు. అవి ఇండియా నుంచి ఉత్తర ఆస్ట్రేలియా వరకే ఉన్నాయి, మొత్తం 16 జాతులు. పాత శాఖ ఉన్నచోటే పుట్టిల్లు ఉండాలి కదా అన్నది ఆయన పట్టు. కొత్త వాదం దీనికి ఇచ్చే జవాబు నాకు నచ్చింది. అవి ఒకప్పుడు ఉత్తరాన విస్తారంగా ఉండేవి. సుమారు 3.4 కోట్ల ఏళ్ళ కిందట భూమి చల్లబడడం మొదలయ్యాక అక్కడ అంతరించిపోయి, వెచ్చని దక్షిణాన మిగిలిన కొసరు ఇది. మిగిలినచోటు పుట్టినచోటు కానక్కరలేదు.

"చచ్చినవాళ్ళ సాక్ష్యం చెప్పి కేసు గెలుస్తానంటావు" అన్నాడాయన. శిలాజాల్లేని చోట అది గట్టి దెబ్బే. ఒప్పుకోకుండా ఇంకో గుప్పెడు పేలపిండి నోట్లో వేసుకున్నాను.

ఇద్దరం ఒప్పుకున్నది ఒకటుంది. ఏ పక్షం గెలిచినా పుట్టిల్లు మనది కాదు. 8.3 కోట్ల ఏళ్ళ కిందట ఇండియా మడగాస్కర్ నుంచి విడిపోయి హిందూ మహాసముద్రంలో ఒంటరిగా ఉత్తరానికి కదులుతున్న దీవి. నిన్న నేను కూర్చున్న కొండపల్లి రాళ్ళు వంద కోట్ల ఏళ్ళకు పైబడినవి, అప్పటికే ఆ దీవి మీద ఉన్నాయి. తరువాత దక్కను లావా పొంగింది. దాని కొస రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో నేటికీ నల్లరాయిగా కనిపిస్తుంది. 5 కోట్ల ఏళ్ళ కిందట దీవి ఆసియాను ఢీకొని హిమాలయాలు లేచాయి. మామిడి కొమ్మ మీది వాండా బంధుగణమంతా ఆసియా వైపుదే, ఆగ్నేయాసియాలోనే ఎక్కువ.

ఇంకో విశేషం, నన్ను ఆశ్చర్యపరచినది. కుటుంబం పాతదే గానీ జాతులు కొత్తవి. నేటి ఆర్కిడ్ జాతుల్లో చాలా భాగం గత 50 లక్షల ఏళ్ళలో పుట్టినవే. అన్నిటికంటే వేగంగా కొత్త జాతులు పుట్టినచోటు కోస్టారికా, పనామా ప్రాంతం. అక్కడ ఒక లోయకూ పక్క లోయకూ వాన వేరు, మబ్బు వేరు, ఈగ వేరు. దుమ్ము పక్క లోయకు ఎగిరి వెళ్ళి, అక్కడి ఈగకు తగ్గట్టు మారి, తిరిగి కలవలేనంత దూరమవుతుంది. కృష్ణా జిల్లా మైదానంలో ఆ లోయలేవి?

సాయంత్రం మావయ్య మనవరాలు వెనిలా ఐస్‌క్రీం తింటోంది. వెనిలా కూడా ఆర్కిడ్ కాయేనని చెప్పాను. ఆ తీగ మెక్సికోది. మొక్క ఎల్లలు దాటింది గానీ, పుప్పొడి మోసే ఈగలు దాటలేదు. రీయూనియన్ దీవిలో తోటలు దశాబ్దాల పాటు కాపు లేకుండా ఉంటే, 1841లో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస బాలుడు పుల్లతో పువ్వు లోపలి పొర ఎత్తి, బొటనవేలితో పుప్పొడి అద్దే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ్టికీ తోటల్లో అదే పద్ధతి. పిల్ల శ్రద్ధగా విని, ఈ ఐస్‌క్రీంలో ఆ కాయ ఉందా అని అడిగింది. ముప్ఫై రూపాయల కప్పులో ఉండేది చాలావరకు ప్రయోగశాల వాసనేనని మావయ్య ఉన్నమాట చెప్పేశాడు.

జూలై 7, సోమవారం: కొండవీడు

ద్వాదశి పారణ చేసి మావయ్య కూడా బయలుదేరాడు. ఆటోకు పోనూ రానూ 1,200 రూపాయలు. మధ్యలో మిరపకాయ బజ్జీ కోసం ఆగాం. గుంటూరు బజ్జీలో కారం మిరపకాయది కాదు, లోపల కూరిన వాముపొడిది అని ఆటో అతను వాదించాడు. తిన్నాక నా కళ్ళ నీళ్ళు వేరే మాట చెప్పాయి.

ఘాట్ రోడ్డు చివర రెడ్డిరాజుల కోట, పాత చెరువులు, ఎటు చూసినా సీతాఫలం పొదలు. చెట్ల మీద వాండా రెండుచోట్ల కనబడింది. నేను వచ్చింది నేల ఆర్కిడ్ల కోసం. వారం కిందటి వానకు గడ్డి మొలిచింది. మావయ్య చేతికర్రతో గడ్డి పక్కకు నెట్టుకుంటూ వెళ్ళాడు. మేకలు కాసుకుంటున్న ఒకావిడ మేమేదో పారేసుకున్నామనుకొని తనూ వెతకడం మొదలుపెట్టింది. పువ్వు పూసే గడ్డి కోసమని చెబితే నొచ్చుకుంది. "ముందే చెబితే సరిపోయేది కదమ్మా, నా నడుము పోయింది."

చూపించింది కూడా ఆవిడే. నేలకు అంటుకొని విస్తరాకు పరిచినట్టున్న రెండు గుండ్రని ఆకులు. తెల్లపూలు వానలు ముదిరాక వస్తాయని, మేకలు వాటిని ముట్టవని చెప్పింది. హాబెనేరియా రాక్స్‌బర్గై కావచ్చని మావయ్య అన్నాడు, పువ్వు చూడందే సంతకం పెట్టనన్నాడు. దీని ఉపాయం చెట్టు మీది దానికి పూర్తిగా ఎదురు. ఎండాకాలంలో పైన ఏమీ ఉండదు. నేల కింద దుంప మాత్రం మిగిలి, తొలకరికి ఆకులు వేస్తుంది, పూసి, కాయలు పగిలి, మళ్ళీ కిందికి పోతుంది. ఏడాదిలో సగం కాలం ఈ మొక్క ఇక్కడ లేదనే అనుకుంటాం. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇంకా ముదురు ఉంది, రైజాంథెల్లా. 1928లో బయటపడిన ఆ ఆర్కిడ్ పూయడం కూడా నేల కిందే, ఆకుపచ్చదనం లేకుండా శిలీంధ్రం మీదే బతుకుతుంది.

గోడ నీడన కూర్చొని మావయ్యతో నా లెక్క చెప్పాను. ఇక్కడికి దుమ్ము రాక కాదు, నిలబడలేక. మంచు పట్టే కొమ్మలు లేవు, ఏడు నెలల పొడి, పాత చెట్లు ఎప్పుడో కొట్టేశాం, చెట్టుతో పాటు దాని బెరడులోని శిలీంధ్రమూ పోయింది. మిగిలినవి రెండు రకాలవే: కొమ్మ మీద నీళ్ళు దాచుకోగలవి, నేల కింద తామే దాక్కోగలవి. ఆయన కాదనలేదు. ఎప్పుడైనా నా మాటకు ఆయన తలూపారంటే, వెనక ఇంకో ప్రశ్న వస్తోందని అర్థం.

"అయితే తొలి ఆర్కిడ్ కూడా నేల మీదే పుట్టి ఉండాలి, కొమ్మ తరువాత ఎక్కింది. అవునా?"

అవును, పాత శాఖలన్నీ దాదాపు నేల మొక్కలే. ఇప్పుడు పదింట ఏడు చెట్ల మీద ఉన్నా, ఆ ఎక్కడం తరువాతి సంగతి.

"నేల మీదిదైతే ఆస్ట్రేలియా నుంచి నడిచే వచ్చి ఉంటుంది" అన్నాడు. దిగే దారి పొడవునా అదే వాదన. ఆటో అతను మధ్యలో తల తిప్పి, ఇంతకూ ఆస్ట్రేలియాలో మీకు ఎవరున్నారని అడిగాడు.

వెళ్ళదలచినవారికి: జూలైలో ఆకులు మాత్రమే ఉంటాయి, నేల ఆర్కిడ్ల పూలు చూడాలంటే సెప్టెంబరులో వెళ్ళండి. వాండా పూలకైతే ఏప్రిల్, మే నెలలు మేలు, ఎండకు సిద్ధపడితే. మేం వెళ్ళిన రోజు కొండ పైన తినడానికి ఏమీ దొరకలేదు, నీళ్ళు కిందనుంచే తీసుకువెళ్ళాలి. మొక్క తెచ్చి పెరటి చెట్టుకు కడితే బతకవచ్చు, నాలుగేళ్ళు పూయవచ్చు కూడా. పిల్ల మొక్క మాత్రం మొలవదు. మేకల ఆవిడ ఉదయం తొమ్మిదికి రెండో చెరువు దగ్గర ఉంటుంది. ఏం వెతుకుతున్నారో ముందే చెప్పండి.